రెండవ కోత తరువాత

ఖరగ్‌పూర్ స్టేషనులో బుకింగ్ కిటికీ వెనుక ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్న ఆ తెలుగు ఉద్యోగిని కడుపును వైద్యులు రెండుసార్లు కోశారు. మొదటిసారి 2013లో, రెండవసారి 2021లో. ఈ రెండు కోతలూ జబ్బుపడిన అవయవాన్ని తొలగించడానికి చేసినవి కావు. ఏ రోగమూ లేని జీర్ణకోశాన్ని చిన్నది చేసి, ఆ మనిషి తూకం తగ్గించడానికి చేసినవి. మొదటి శస్త్రచికిత్సకు ముందు ఆమె బరువు 112 కిలోలు. రెండు శస్త్రచికిత్సలు, పన్నెండు సంవత్సరాలు, కొన్ని లక్షల రూపాయలు గడిచిపోయిన తరువాత, 2025 వేసవిలో, 97 కిలోలు. ఈ లెక్క విన్నవారు ఎవరైనా ముందుగా అడిగే మాట ఒక్కటే: "అయితే ఆవిడ ఏం తింటోంది?"

ఆ ప్రశ్నలోనే తీర్పు దాగి ఉంది. కోసినా తగ్గలేదంటే తప్పు తిండిది, తినేవారిది అని లోకం నమ్మకం. ఈ విషయంలో తెలుగుభాష కూడా అంత దయగలది కాదు. ఒకప్పుడు 'లావు' అంటే బలం. పోతన గజేంద్రుడు మొసలికి చిక్కి తనలో ఇక మిగలలేదని వాపోయింది ఆ లావే. నేడది వెక్కిరింతకు మిగిలింది. పొగరు చూపినవాడికి 'కొవ్వెక్కింది' అంటాము, 'బలిసింది' అంటాము. శరీరంలోని ధాతువును నడవడిలోని దోషంగా మార్చివేసిన భాషలో లావైన మనిషి నోరు విప్పకముందే సగం నేరస్థురాలు. 'ఒళ్ళు చేసింది' అన్న నుడికారం ఒక్కటే కొంత మెరుగు. చేసింది మనిషా, ఒళ్ళా అన్నది అందులో వ్యాకరణం కూడా తేల్చదు. వైద్యశాస్త్రం తేల్చబోయి ఇప్పటికి డెబ్బయి ఏళ్ళు కావస్తున్నది.

ఖరగ్‌పూర్‌లో తెలుగువారు ఎందుకున్నారని ఆశ్చర్యపడే పాఠకులకు ఒక మాట. పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి నేలలో జంక్షనునూ, వర్క్‌షాపునూ కట్టింది. అదే దారిన ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల కుటుంబాలు కూలి కోసం, నౌకరీ కోసం ఉత్తరానికి తరలిపోయాయి. ఆ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిన వరాహగిరి వెంకటగిరి 1969లో భారత రాష్ట్రపతి అయినారు. మథురాకాటీలోనూ, నీమ్‌పురాలోనూ నాలుగు తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికారభాష హోదా ఇవ్వడానికి నిర్ణయించినప్పుడు అందరి చూపూ మళ్ళింది ఈ పట్టణం మీదికే.

ఆమె తండ్రి ఆ వర్క్‌షాపులో ఫిట్టరు. సర్వీసులో ఉండగానే 1994లో కన్నుమూశాడు. కారుణ్య నియామకం మీద ఆమె 1995లో బుకింగ్ గుమాస్తాగా చేరింది. అప్పటికి వయస్సు 21, బరువు 58 కిలోలు. భర్త డీజిల్ షెడ్డులో పనివాడు. ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, రైల్వే క్వార్టరు, మూడు షిఫ్టుల డ్యూటీ. రాత్రి డ్యూటీలో ఆకలి వేళాపాళా ఎరుగదు. రెండు గంటలకు మద్రాసు మెయిలు రద్దీ తీరిన తరువాత కాగితం పొట్లంలో మురీ, అంటే మన మరమరాలు, వాటితో నూనె కారే ఆలూచాపు, చక్కెర దండిగా వేసిన టీ. తెల్లవారి ఇంటికి పోతే తల్లి వండిన అన్నం, పప్పుచారు, ఎండుచేపల ఇగురు. పైగా అక్కడి తెలుగువారికి పండుగలు రెండింతలు. సంక్రాంతికి అరిసెలు, దుర్గాపూజకు సందేశ్. ఏ పక్కవారు పంపిన పళ్ళెమైనా ఖాళీగా తిప్పి పంపరాదన్నది బెంగాలీలకూ శ్రీకాకుళం వారికీ ఉమ్మడి మర్యాద.

ముప్ఫై మూడవ ఏట మధుమేహం బయటపడింది. ముప్ఫై తొమ్మిదవ ఏట మోకాళ్ళు మొరాయించాయి. ఆమె ఎత్తు 154 సెంటీమీటర్లు. 112 కిలోల బరువును ఆ ఎత్తుతో లెక్కకట్టితే శరీర స్థూలసూచిక 47 వస్తుంది. భారతీయులకు ఆ సూచిక 37.5 దాటితేను, మధుమేహం వంటి జబ్బులుంటే 32.5 దాటితేనే శస్త్రచికిత్సకు అర్హులని మన వైద్యనిపుణులు 2009లో ఒక ఒప్పందానికి వచ్చారు. తెల్లవారికంటె మనకు ఈ గీత కిందికి ఎందుకు గీశారన్న దానికి ఒక ముచ్చటైన నిదర్శనం ఉంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యడ్కిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల సూచిక అక్షరాలా ఒక్కటే, 22.3. కాని పరీక్షించి చూస్తే యడ్కిన్ దేహంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం! తమ ఇద్దరి ఛాయాచిత్రాన్ని పక్కపక్కన పెట్టి 2004లో లాన్సెట్ పత్రికలో వారీ సంగతి ప్రకటించారు. సన్నగా కనబడే భారతీయుడు కూడా లోపల సన్నగా ఉండడన్న మాట.

ఆపరేషన్ చేయించుకొమ్మని ఆమెను మొదట పోరినవాడు డాక్టరు కాదు, పక్క కిటికీలో కూర్చునే బెంగాలీ సహోద్యోగి. అతడు ఫుట్‌బాల్ పిచ్చివాడు. "మారడోనా చేయించుకున్నాడు దీదీ! 2008లో సాల్ట్‌లేక్ స్టేడియానికి వచ్చినప్పుడు నా కళ్ళతో చూశాను, కుర్రవాడిలా ఉన్నాడు!" అనేవాడు. అతడు చెప్పినది నిజమే. మారడోనాకు 2005 మార్చిలో కొలంబియాలోని కార్తజేనా నగరంలో జీర్ణకోశాన్ని దాటవేసే శస్త్రచికిత్స జరిగింది. 2008 డిసెంబరులో ఆయన కోల్‌కతాకు వచ్చాడు, లక్షలాది జనం ఆయనను చూసి పరవశించారు. అతడు చెప్పని సంగతి ఒకటుంది. చెప్పడానికి అప్పటికింకా అది జరగలేదు. 2015లో వెనిజులాలోని మరకైబో నగరంలో మారడోనా రెండవసారి అటువంటి శస్త్రచికిత్సకే లొంగవలసి వచ్చింది. 2017 డిసెంబరులో ఆయన మళ్ళీ కోల్‌కతా వచ్చినప్పుడు ఆ మిత్రుడు టికెట్ల లెక్క సరిచూచుకుంటూ ఆ ఊసే ఎత్తలేదు.

ఇంతకీ ఈ శస్త్రచికిత్సలు ఎలా పుట్టాయి? కడుపులో పుండ్లకు జఠరంలో కొంత భాగం కోసివేసిన రోగులు ఆ తరువాత ఎంత తిన్నా లావెక్కకపోవడాన్ని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. రోగంలో పుట్టిన నష్టాన్ని మరొక రోగానికి లాభంగా మలచవచ్చునేమో అని ఆలోచించి, ఇటో అనే సహచరునితో కలిసి 1966లో మొదటి ప్రయోగం చేశాడు. ఆ తరువాత పద్ధతులు మారాయి, కోత చిన్నదయింది. 1994 నాటికి పొట్ట మొత్తం తెరవకుండా కొద్దిపాటి రంధ్రాలలో నుండి ఈ పని చేయగలిగారు. ఆమెకు 2013లో చేసినది 'స్లీవ్' అనే పద్ధతి. తోలుసంచి వంటి జఠరంలో నాలుగింట మూడు వంతులకు పైగా నిలువునా కోసి తీసివేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో కుట్టివేస్తారు. లీటరు పట్టే సంచి ఒక చిన్న టీ గ్లాసు పట్టే గొట్టం అవుతుంది.

కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ప్రావిడెంటు ఫండు నుండి తీసిన సొమ్ముతో ఆ పని జరిగింది. మొదటి ఏడాది ఆమె జీవితంలోనే వింత కాలం. కడుపు చిన్నదైనందుకు ఆకలి తగ్గడం విశేషం కాదు, ఆకలి అన్న ధ్యాసే అడుగంటడం విశేషం. దీనికీ కారణముంది. ఆకలిని రేపే 'గ్రెలిన్' అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అది ముఖ్యంగా ఊరేది జఠరం పై భాగంలో. సరిగ్గా ఆ భాగమే స్లీవ్ శస్త్రచికిత్సలో పోతుంది. పద్దెనిమిది నెలలలో ఆమె 78 కిలోలకు దిగింది. జుట్టు పిడికిళ్ళుగా రాలింది, మళ్ళీ మొలిచింది. మధుమేహం మాత్రలు మానివేసింది. బీరువా అడుగున దాచిన పెళ్ళినాటి రవికె పట్టకపోయినా, దాని తరువాతది పట్టింది. ఆ రెండేళ్ళలో తీయించుకున్నన్ని ఫోటోలు ఆమె తన పెళ్ళిలో కూడా తీయించుకోలేదు.

తల్లికి మాత్రం ఆ సంతోషం దక్కలేదు. నాలుగు ముద్దలు తిని చేయి కడుక్కునే కూతుర్ని చూసి ఆమె, "ఏటమ్మా, పిట్టకేసినంత కూడు కూడా సెల్లదేటి నీకు? ఆ కోతేటో గాని నా సేత్తో ఒండినది నీకు సేదైపోనాది" అని కళ్ళొత్తుకునేది. వండిపెట్టడం తప్ప ప్రేమను మరొక విధంగా చూపే అలవాటు లేని తరం అది.

2015 నుండి ముల్లు మళ్ళీ కదలడం మొదలైంది. ఇంట్లో బరువుయంత్రం మీద ఆమెకు నమ్మకం లేదు. నెల మొదటి తేదీన, డ్యూటీ దిగిన తరువాత, పార్సిల్ ఆఫీసులో మూటలు తూచే బల్ల మీద నిలబడేది. అక్కడి తూకం గుమాస్తా, "దీదీ, బుక్ చేస్తున్నారా, మీ వెంటే తీసుకుపోతున్నారా?" అని అడిగేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ అంకెలను ఒక పాత రిజిస్టరు చివరి పుటలలో రాసుకుంది. 78, 81, 80, 84. ఏడాదికి ఆరేడు కిలోలు అంటే రోజుకు ఇరవై గ్రాములు కూడా కాదు. ఒక్కనాడూ ఆమె విందులు మింగలేదు. 2019 చివరికి అది 104.

ఇందులో తిండి పాత్ర లేదనడం అబద్ధమవుతుంది. స్లీవ్ గొట్టం కాలక్రమాన సాగుతుంది. అంతకంటె ముఖ్యం, ఈ చికిత్సకు లొంగని తిండి ఒకటి ఉంది. మాంసం, పప్పు, కూరగాయలు ఆ ఇరుకు దారిలో అడ్డుపడి 'చాలు' అనిపిస్తాయి. టీలో నానిన బిస్కెట్టు, పాయసం, మజ్జిగలో కలిపి తాగే అటుకులు ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. రాత్రి డ్యూటీలో రెండేసి బిస్కెట్లు, గంటకొకసారి. ఆమె భోజనం చేసిన వేళలు తక్కువే, నోరు ఖాళీగా ఉన్న వేళలు కూడా తక్కువే. కాని ఆ బిస్కెట్లు మొత్తం లెక్కకట్టినా 26 కిలోలకు సంజాయిషీ కావు.

మిగిలిన సంజాయిషీ కోసం అమెరికా పోవలసి ఉంటుంది. అక్కడ బరువు తగ్గే పోటీ ఒకటి టెలివిజనులో ప్రసారమయ్యేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరువాత కెవిన్ హాల్ అనే శాస్త్రజ్ఞుని బృందం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. వారు ఒక్కొక్కరు సగటున 58 కిలోలు తగ్గి, అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. అదైనా ఆశ్చర్యం కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు ఖర్చుచేసే శక్తి, ఆ బరువు గల ఇతరులకంటె రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువ! ఆరేళ్ళు గడిచినా కరువునాటి పొదుపును వారి ఒళ్ళు మరవలేదు. ఒక పూట భోజనమంత ఇంధనాన్ని అది ఖర్చు చేయకుండా దాచుకుంటున్నది. శస్త్రచికిత్స ఈ పొదుపును కొంత సడలిస్తుంది గాని పూర్తిగా రద్దు చేయదు. 1987లో స్వీడన్‌లో ప్రారంభమై నాలుగువేలమందికి పైగా మనుషులను వెంబడించిన అధ్యయనంలో, దాటవేత శస్త్రచికిత్స పొందినవారు మొదట 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అదీ సగటు. సగటుకు ఇవతల ఎవరో ఒకరు ఉండక తప్పదు. ఆ ఒకరిని ఆసుపత్రుల గోడల మీది 'ముందు, తరువాత' ఫోటోలలో ఎవరూ అంటించరు.

2018లో మధుమేహం తిరిగివచ్చింది, ఈసారి ఇన్సులిన్‌తో. దానికితోడు గుండెమంట. స్లీవ్ తరువాత కొందరికి జఠరంలోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతుంది. ఆమె రాత్రులు మూడు దిండ్ల మీద కూర్చున్నట్టే నిద్రపోయేది. అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడి కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. సోంపేట దగ్గర తండ్రి వాటాగా మిగిలిన చిన్నతోటలో నిలిచిన చెట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తిరిగి మొక్కలు నాటి అవి కాయ కాసేదాకా చూసేందుకు ఖరగ్‌పూర్‌లో ఎవరికీ ఓపిక లేదు. కరోనా కాలం ముగియగానే తమ్ముడి సంతకంతో ఆ నేల అమ్ముడుపోయింది. ఆమె వాటా రెండవ శస్త్రచికిత్సకు ఖర్చయింది. ఆ సంగతి తల్లికి చాలా కాలం చెప్పలేదు.

2021లో మరొక ఆసుపత్రిలో స్లీవ్‌ను దాటవేతగా మార్చారు. జఠరం పై కొసను ఒక కోడిగుడ్డంత సంచిగా వేరుచేసి, దానికి చిన్నప్రేగును కింది నుండి తెచ్చి కుట్టారు. మొదటి కోత మిగిల్చిన మచ్చల మధ్య రెండవ కోత ఎప్పుడూ కష్టమైనదే. సమయం ఎక్కువ పడుతుంది, ప్రమాదం ఎక్కువ, ఫలితం మొదటిదాని కంటె తక్కువ. శస్త్రవైద్యుడు ఇది ముందే చెప్పాడు. కాని ఆపరేషను బల్ల మీద పడుకోవడానికి నిశ్చయించుకున్న మనిషి చెవులకు 'తక్కువ' అన్న మాట వినపడదు. ఆమె మనసులో 2013 నాటి పద్దెనిమిది నెలలు మళ్ళీ వస్తాయని ఉంది.

అవి రాలేదు. ఏడాదిలో 91కి దిగి, అక్కడ కొంతకాలం ఆగి, 2024కు 97కి చేరి నిలిచింది. మూడు నెలలకోసారి పరీక్షకు పోయినప్పుడు వైద్యుడు కాగితం చూసి, ఆమె ముఖం చూడకుండా, "ఏం తింటున్నారు?" అనేవాడు. ఆ తరువాత ఆమె పరీక్షలకు పోవడం మానివేసింది. ఇలా మానేసేవారు ఆమె ఒక్కతే కాదు. తగ్గినవారు మొక్కు చెల్లించుకోవడానికి పోయినట్టు పోతారు, తగ్గనివారు ముఖం చాటేస్తారు. దాటవేత పొందినవారికి ఇనుము, బి-12, కాల్షియం, డి-విటమిన్ జీవితాంతం అవసరం. ప్రేగులో అవి ఇంకే చోటును ఆహారం తాకకుండా దాటిపోతుంది గదా! పరీక్షలు మానిన మనిషి వీటినీ మానుతుంది. 2023లో ఆమె బుకింగ్ కిటికీ దగ్గర కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు రక్తంలో హిమోగ్లోబిన్ 7.4. ఆమెను అంతవరకు తెచ్చినది తిండి కాదు, సిగ్గు.

మోకాళ్ళ కథ మరీ విచిత్రం. అసలు బరువు తగ్గాలనుకున్నదే మోకాళ్ళ కోసం. అంతకుముందు నొప్పి ముదిరితే డైక్లోఫినాక్ మాత్రతో రోజు గడిచేది. దాటవేత తరువాత ఆ జాతి నొప్పిమాత్రలు నిషిద్ధం, ఎందుకంటే కుట్టు వేసిన చోట పుండు పడుతుంది. మిగిలినది పారాసిటమాల్, కాపడం, నేలను తిట్టుకోవడం. కీళ్ళ వైద్యుడు మోకాలు మార్చవచ్చునన్నాడు గాని, 90 కిలోలకు దిగితేనే అన్నాడు. బరువు తగ్గాలంటే నడవాలి, నడవాలంటే మోకాలు కావాలి, మోకాలు కావాలంటే బరువు తగ్గాలి. ఈ చక్రంలో ఏ ఆకు ముందు తిరగాలో చెప్పేవారు లేరు.

ఆమె నడిచింది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని మించింది, 2023లో హుబ్బళ్ళి ఆ రెంటినీ మించింది. పట్టణవాసులు ఇప్పటికీ ఈ ఓటమిని సులభంగా ఒప్పుకోరు. ఎండ, వాన తగలని ఒక కిలోమీటరు చదునైన నేల మోకాలినొప్పి మనిషికి మరెక్కడ దొరుకుతుంది? డ్యూటీకి ముందు ఒక చివర నుండి రెండవ చివరకు, తిరిగి. మధ్యలో నాలుగుసార్లు బెంచీ మీద. మొదట్లో 50 నిముషాలు పట్టింది, ఆరు నెలలకు 34. బరువు మాత్రం రెండు కిలోలు తగ్గి, ఒకటి పెరిగింది.

ఆమెను మళ్ళీ వైద్యుల దగ్గరకు చేర్చినది ఆ కళ్ళు తిరగడమే. రక్తహీనతకు చికిత్స చేస్తూ ఒక యువ ఆహారనిపుణురాలు, కోల్‌కతాలో చదువుకున్న పిల్ల, నోటితో అడగకుండా, పుస్తకం రాయమంది. ఆమె రాసింది, రైల్వే గుమాస్తా రాసినట్టే, నిలువు గీతలు కొట్టి, వేళతో, కొలతతో. చోడి అంబలి ఒక గ్లాసు. గుడ్డు ఒకటి. అన్నం అర కప్పు, చేప ముక్క. పెరుగు. రాత్రి టీ, చక్కెర లేకుండా. బిస్కెట్లు మూడు, ఆ మూడు కొట్టివేసి నాలుగు. మూడు నెలల పుస్తకం కూడితే సగటున రోజుకు 1,150 కెలోరీలు. ఆ పిల్ల లెక్క రెండుసార్లు చూసుకొని, "కాకీమా, నేను మీ మాట నమ్ముతున్నాను" అంది. బెంగాలీలో కాకీమా అంటే మన పిన్ని. ఆమె ఆ గదిలో ఏడ్చింది. రెండు శస్త్రచికిత్సలలోనూ ఏడవలేదు.

ఆ పిల్ల మరొక పని చేసింది. బరువు గడిని అరచేత్తో మూసి, దాని పక్క గడులను చూపింది. మొదటి శస్త్రచికిత్సకు ముందు మూడునెలల చక్కెర సగటు 9.8, 2019లో 8.6, ఇప్పుడు 6.2, అదీ ఇన్సులిన్ లేకుండా. గుండెమంట లేదు, ఒక్క దిండు మీద నిద్ర. రక్తపోటు మాత్ర సగమయింది. ఇది కూడా కొత్త సంగతి కాదు. అమెరికాలోని గ్రీన్‌విల్‌లో వాల్టర్ పోరీస్ అనే శస్త్రవైద్యుడు, దాటవేత చేయించుకున్నవారికి కొవ్వు కరగకముందే, రోజులలోనే, మధుమేహం అదుపులోకి రావడం చూసి, 'ఎవరనుకున్నారు?' అన్న ధోరణిలో పేరు పెట్టి 1995లో వ్యాసం ప్రకటించాడు. ఆహారం పైప్రేగును దాటి నేరుగా కిందికి చేరడం వల్ల ఇన్సులిన్‌ను పురికొల్పే హార్మోన్లు హెచ్చుతాయని నేడు తెలుసు. అంటే ఆమెకు జరిగిన రెండవ శస్త్రచికిత్స తూకం బల్ల మీద ఓడిపోయి, రక్తంలో గెలిచింది. ఈ సంగతి ఆమెకు రెండేళ్ళపాటు ఎవరూ చెప్పలేదు. అందరూ పార్సిల్ గుమాస్తా లాగే ముల్లును చూశారు.

తెలిసినంత మాత్రాన మోకాలు ఊరుకుంటుందా? 90 అన్న గీత అలాగే ఉంది. ఇక్కడికి మందుల కాలం వచ్చింది. ప్రేగు హార్మోన్లను అనుకరించే వారపు ఇంజెక్షన్లు 2025లో మన దేశపు మార్కెట్టులోకి వరుసగా దిగాయి. మౌంజారో మార్చిలో వచ్చింది. తొలి మోతాదు సీసా ధర 3,500 రూపాయలు, నెలకు నాలుగు సీసాలు. శస్త్రచికిత్స తరువాత సరిగా తగ్గనివారికి ఈ కుటుంబపు మందులు పనిచేస్తాయని చెప్పడానికి ఆధారం లేకపోలేదు. లండన్‌లో అటువంటి 70 మంది మీద పాత తరం మందు లిరాగ్లూటైడ్‌ను పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాలలో, ఆరునెలలలోపే మందు పొందినవారు దాదాపు 9 శాతం తగ్గారు, ఉత్తుత్తి మందు పొందినవారిలో మార్పు లేదు.

2025 ఆగస్టులో వైద్యురాలు చీటీ రాసింది. ఈసారి ఆమె చీటీని మడిచి సంచిలో పెట్టుకోకుండా అడిగింది: "ఆపేస్తే?" వైద్యురాలు దాచలేదు. ఇదే కోవకు చెందిన సెమాగ్లూటైడ్‌ను ఆపివేసినవారు తగ్గినదానిలో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగి పెరిగినట్టు 2022లోనే తేలింది. అయితే ఇది ఎన్నేళ్ళు? ఉన్నన్నాళ్ళు కావచ్చు, అంది వైద్యురాలు. రక్తపోటు మాత్ర ఎన్నేళ్ళని ఎవరైనా అడుగుతారా అని కూడా అంది. ఆ పోలిక సరైనదే గాని, రక్తపోటు మాత్ర నెలకు పద్నాలుగు వేలు కాదు. ఇంటికి వచ్చి భార్యాభర్తలు కాగితం మీద లెక్క వేశారు. చిన్నకూతురి నర్సింగు కాలేజీ ఫీజు ఒక వైపు, ఇంజెక్షన్లు ఒక వైపు. పెద్దకూతురు వచ్చి ఆ కాగితం చించి, మొదటి మూడు నెలలకు తన జీతంలో నుండి ఇస్తానంది. తల్లి గోడవారనుండి, "ఇంకేటి సూదులమ్మా? కోసినోల్లకే తెగనిది సూదికి తెగుతాదేటి?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

అక్టోబరు మొదటి తేదీన పార్సిల్ ఆఫీసు తూకం 93. రిజిస్టరులో ఆమె ఆ అంకె రాసి, దాని పక్కన చక్కెర, హిమోగ్లోబిన్, ప్లాట్‌ఫారం నిముషాలు రాయడానికి మూడు కొత్త గీతలు కొట్టింది. కీళ్ళ వైద్యుడితో డిసెంబరుకు సమయం తీసుకున్నారు. కుడి మోకాలు ముందు.